గుల్లరాయికి దిక్కు

గోదావరి జిల్లాలకు వెళ్లొచ్చానని తెలియగానే మా కాలేజీలో అందరూ రెండే ప్రశ్నలు అడిగారు. గోదావరిలో మునిగావా, పూతరేకులు తెచ్చావా అని. మునిగాను, తెచ్చాను. పూతరేకులకు ఏమైందో తర్వాత చెబుతాను. నేను వెళ్లిన పని మాత్రం వేరే. ఒక బండను కోసి తేవాలి, దాన్ని కోయడానికి తగిన రంపం అక్కడే వెతుక్కోవాలి. కొయ్యను కోసే రంపం కాదు, చేత్తో పట్టుకుని రాతిని కోసే మిషను.

కడప జిల్లాలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం ల్యాబులో నేను డిమాన్‌స్ట్రేటరుని. నాకు పాఠం చెప్పి, ఆ ఉద్యోగం కూడా ఇప్పించిన సారు ఈ ఏడాది రిటైరవుతున్నారు. ఆయన చాలా ఏళ్ల కిందట కొవ్వూరు అవతల ఒక నల్లరాయి క్వారీలో, నల్లరాతి పొరల నడుమ జానెడు మందాన తెల్లటి పొర ఒకటి చూశారు. దాన్నిండా వేలెడంత గుల్లలు, మరమేకుల్లాగా మెలికలు తిరిగి, రాయైపోయి ఉన్నాయి. పారే నీళ్లలో అలాంటి గుల్ల పడితే దాని మొన నీళ్లొచ్చే వైపు తిరుగుతుందని సారు చెబుతారు. మొనలు ఎటు చూస్తున్నాయో కొలిస్తే కోట్ల ఏళ్ల కిందట అక్కడికి నీళ్లు ఎటు నుంచి వచ్చాయో తెలుస్తుంది. సముద్రమే లోపలికి వచ్చిందని ఆయన వాదన. నమ్మిన వాళ్లు తక్కువ.

ఒకసారి ఆయనే సుత్తి, ఉలి పట్టుకుని వెళ్లి కొట్టి చూశారు. బుట్టెడు ముక్కలు తెచ్చుకున్నారు, ఏ ముక్క ఎటున్నదో తెలియదు. ఇప్పుడు ఆ క్వారీ మేస్త్రి ఉత్తరం రాశాడు, ఆ గోడను వచ్చేవారం పేల్చేస్తున్నారని. సారుకు మోకాళ్లు పట్టేశాయి. అందుకని నన్ను పంపారు.

“బండ ముక్కలు కాకుండా రావాల. పైన ఉత్తరానికి బాణం గుర్తు పెట్టి, ఆ తర్వాతే కోయాల. బాణం లేని బండ నాకొద్దు” అన్నారు బస్సెక్కేముందు.

మొనల్ని అక్కడే కొలిచి రాకూడదా అని మీరడగొచ్చు. పొర మీద మట్టి కట్టి, మూడో నాలుగో మొనలు మాత్రమే బయటికి కనిపించేవి, అవీ తలో వైపు. మిగతావి ల్యాబులో సూదితో, కుంచెతో రోజుల తరబడి తోమితేగాని బయటపడవు. నాకు దిగులేమీ లేదు. నాపరాళ్ల మీద పుట్టి పెరిగిన కడప జిల్లా వాణ్ని, రాతి సంగతి వరి పండించుకునే వాళ్లు నాకేం చెబుతారు అనుకుంటూ రైలెక్కాను.

రాజమండ్రిలో పల్లం వెతికాను

దిగిన పొద్దున్నే ఒక టిఫిన్ హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. మా ఊళ్లో దోసె ఖరీదుకే రెండూ ఇచ్చారు, పైగా అల్లం పచ్చడి ఎన్నిసార్లడిగినా విసుక్కోలేదు. మిషన్లు అమ్మే కొట్టు ఎక్కడని గల్లాపెట్టె దగ్గరాయన్ని అడిగాను.

“ఇలా దిగువకి రెండు వీధులు వెళ్లండి. ఎడంచేతి పక్కన గుప్తగారి కొట్టండి, ఎవర్నడిగినా చెబుతారు.”

బయటికొచ్చి చూస్తే రోడ్డంతా చదునుగా ఉంది. దిగువ అన్నాడు కదా అని పల్లం కోసం చూశాను. ఒకవైపు మురిక్కాలవ కాస్త వాలుగా ఉన్నట్టనిపించి ఆ వెంటే నడిచాను. అరగంట తిరిగాక బెల్లం దిమ్మెల మధ్య తేలాను. మామిడికాయలు అమ్ముకుంటున్న ఒకావిడ నా అవస్థ విని నవ్వింది.

“దిగువంటే పల్లం కాదండి బాబూ. గోదారి పోయే వైపు. మీరు ఎగువకొచ్చేశారు.”

మా వైపు తూర్పు, పడమర అంటాం. దారి చెప్పేటప్పుడు కొండనో గుడినో చూపిస్తాం. ఇక్కడ ఏరు కనబడకపోయినా సరే, అది ఎటు పోతున్నదో అందరి ఒంట్లోనూ ఉంటుంది. గుప్తగారి కొట్టుకు చేరేసరికి చెమటతో చొక్కా తడిసిపోయింది. ఆ మాట మీద నాకు చిరాకు కూడా పట్టుకుంది.

గుప్తగారు అరవై దాటిన మనిషి. తండ్రి నాడు మేకులు, గొళ్లాలు అమ్మిన కొట్టులో ఇప్పుడు పంపులు, మోటార్లు అమ్ముతున్నారు. నేను సంగతంతా చెప్పాక, ముందు మజ్జిగ తెప్పించి అప్పుడు మాట్లాడారు.

“మీకు రెండు దారులున్నాయండి. ఇదిగో ఈ కరెంటు గ్రైండరు తేలిక. మరి అక్కడ కరెంటుందాండి?”

“లేదు.”

“అంటే జనరేటరు మొయ్యాలి. పైగా దీని బిళ్ల చిన్నదండి, అంగుళం లోతు దిగితే గొప్ప. రెండోది పెట్రోలు మిషను. రైలుపట్టాలు కోస్తారు చూశారా, అలాంటిది. లోతుగా కోస్తుంది గాని బరువండి, ఒణుకుడు కూడా ఎక్కువ. మీ గుల్లలు తట్టుకుంటాయో లేదో.”

కొట్టు గుమ్మం పక్కన ఒక నాపరాయి ముక్క పడుంది. మా జిల్లా రాయే. గ్రైండరు పెట్టి కోసి చూపించమన్నాను. గీసినట్టు తెగింది. ఇదే చాలు, జనరేటరు అద్దెకు తెచ్చుకుంటానన్నాను. గుప్తగారు అమ్మేసి ఊరుకోవచ్చు. కాని తల అడ్డంగా ఊపారు.

“ఇది మెత్తటి రాయండి, పొరలు పొరలుగా ఉంటుంది. మీది గుల్లరాయి. ధవళేశ్వరంలో వీర్రాజని లాకుల రాళ్లు మార్చే మనిషున్నాడు. అతని దగ్గర పెట్రోలు మిషనుంది. దీన్ని కూడా తీసుకెళ్లి అక్కడ రెండూ చూసుకోండి. నచ్చకపోతే నా గ్రైండరు నాకు తెచ్చిచ్చేయండి.”

ముక్కూమొహం తెలియని వాడి చేతిలో కొత్త మిషను పెట్టి పంపించారు. మా ఊళ్లో అయితే కనీసం చేతి గడియారం తీసి పెట్టుకునేవారు.

ధవళేశ్వరంలో గ్లాసుడు నీళ్లు

అది కాలవలు కట్టేసిన నెల. గోదావరి కాలవల్లోకి ఏడాదికోసారి వేసవిలో నీళ్లాపేసి మరమ్మతులు చేసుకుంటారు. నీళ్లను ఆపడం అనే పని ఒకటుంటుందని నాకు అప్పుడే తెలిసింది. మాకు వాటంతటవే ఆగిపోతాయి.

పడవలు దాటే లాకుల దగ్గర, ఎండిన కాలవ అడుగున వీర్రాజు గారు పని చేస్తున్నారు. యాభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి, కనుబొమల మీద కూడా రాతి దుమ్ము. పాత గోడలో అరిగిపోయిన రాళ్లు పీకి, చెక్కి, మళ్లీ పేరుస్తున్నారు. పీకిన రాళ్లన్నీ ఒడ్డున వరసగా ఉన్నాయి. వాటి మీద ఏవో అంకెలు, అక్షరాలు గీసి ఉన్నాయి. కూలి వాళ్ల లెక్కలేమో అనుకుని పట్టించుకోలేదు.

ఆయన నా మాట పూర్తిగా విని, సారు ఇచ్చిన గుల్లరాయి ముక్కను చేతిలోకి తీసుకున్నారు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టారు. తర్వాత కూలి మనిషిని పిలిచి స్టీలు గ్లాసు తెమ్మన్నారు.

అప్పుడు జరిగింది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక పాత రాయిని నేల మీద ఆనించి, దాని మీద గ్లాసు పెట్టి అంచుదాకా నీళ్లు పోశారు. జానెడు దూరంలో ముందు నేను తెచ్చిన గ్రైండరుతో కోశారు, లాకుల ఆఫీసు నుంచి కరెంటు తీగ లాగి. నీళ్లు కాస్త చిందాయి. అంగుళం దిగి గ్రైండరు ఆగిపోయింది. తర్వాత పెట్రోలు మిషను. చెవులు గింగురుమన్నాయి, గ్లాసులో నీళ్లు ఎగిరెగిరి సగానికొచ్చాయి. నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది.

“ఇది మామూలు బిళ్లండి, దీనితో కోస్తే మీ గుల్లలు పిండైపోతాయి. ఉండండి.”

లోపలికెళ్లి పాత పంచెలో చుట్టిన బిళ్ల ఒకటి తెచ్చారు. అంచున వజ్రాల పొడి అద్దినది. పెద్ద పనుల్లో తప్ప బయటికి తీయనన్నారు. అదే మిషనుకు దాన్ని బిగించి, గ్లాసు మళ్లీ నింపి, పక్కన ఒక మనిషిని చెంబుతో నీళ్లు పోస్తుండమన్నారు. మిషను అంతే గోల చేసింది. గ్లాసులో నీళ్లు మాత్రం పాలమీగడ ముడతపడినట్టు అయ్యాయి గాని, ఒక్క చుక్క కింద పడలేదు. బిళ్ల నాలుగు వేళ్ల లోతు దిగింది.

“నొక్కకూడదండి. దాని బరువుకి అదే కోసుకుంటుంది. చుట్టూ నాలుగు పక్కలా మిషనుతో కోద్దాం. అడుగు మటుకు చేత్తోనే లేపాలి. ఆ పని మిషనుకి అప్పజెప్పకూడదు.”

మిషను ఎంచుకోవడమంటే బలం చూడటం అనుకుని వచ్చాను. ఎంత కోస్తుందో కాదు, కోసేటప్పుడు పక్కనున్న దాన్ని ఎంత కదపకుండా ఉంటుందో చూడాలని ఒక స్టీలు గ్లాసు నాకు నేర్పింది. సిగ్గుపడాల్సిన చోట మెచ్చుకోలుగా నవ్వి, రేపే పోదామన్నాను.

ఆ సాయంత్రం ఆయన ఇంట్లోనే భోజనం. పనసపొట్టు ఆవ పెట్టిన కూర, మాగాయ, గడ్డపెరుగు. ఆవ ఘాటు నెత్తికెక్కి నేను దగ్గుతుంటే ఆయన భార్య కంగారుపడి ఇంకో గరిటెడు పెరుగు వేసింది. ఆవిడది ఆత్రేయపురం. పుట్టింటి నుంచి వచ్చిన పూతరేకులు ఒక పొట్లం కట్టి, మా పిల్లలకిమ్మని ఇచ్చింది. నేను వద్దంటున్నా వినలేదు.

క్వారీలో ఒక పగలు

తెల్లారి మిషనును బస్సు మీద కట్టించి, రోడ్డు కం రైలు వంతెన దాటి కొవ్వూరు, అక్కణ్నించి కంకర లారీలో పంగిడి వైపు వెళ్లాం. క్వారీ మేస్త్రి మంచివాడే గాని తొందరలో ఉన్నాడు.

“సాయంత్రం దాకా మీ ఇష్టమండి. రేప్పొద్దున్న మందు పెట్టేస్తారు, ఆపడం నా చేతిలో లేదు.”

సారు చెప్పిన పొర అక్కడే ఉంది. నల్లరాయి మధ్యలో తెల్లగా, అరుగులాగా ముందుకు పొడుచుకొచ్చి. క్వారీ వాళ్లు దాన్ని గుల్లరాయనే అంటారు, కంకరకు పనికిరాదని తిట్టుకుంటారు. నేను అడుగున్నర చదరం గీసుకుని, దిక్సూచి పెట్టి, సుద్దముక్కతో ఉత్తరానికి బాణం వేశాను. నోటుబుక్కులో రాసుకున్నాను. దుమ్ము లేవకుండా వీర్రాజు గారు రాతి మీద తడి గోనెపట్టా పరిచారు.

మేస్త్రితో మాట్లాడి తిరిగొచ్చేసరికి ఆయన గోనె ఒక పక్క ఎత్తి, చదరం లోపల, అంచుకి దగ్గరగా, ఉలి మొనతో ఏదో గీస్తున్నారు. దగ్గరికెళ్లి చూస్తే ‘ఎ’ అని అక్షరం.

నాకు ఒళ్లు మండిపోయింది. అన్ని కోట్ల ఏళ్లు మట్టిలో చెక్కుచెదరకుండా ఉన్నదాని మీద గీతలు గీస్తాడా అనుకున్నాను. అండీ, గారూ అన్నీ మరిచిపోయాను.

“ఏందయ్యా నువ్వు చేసేది? బడిపిల్లోళ్ల పలక అనుకున్నావా?”

“అలవాటండి. రాయి కదిపేముందు...”

“నీ అలవాట్లు మీ లాకుల దగ్గర చూపించు. ముందు చెరుపు దాన్ని.”

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. గరుకురాయి ముక్క తీసుకుని ఆ అక్షరాన్ని అరగదీసి చెరిపేశారు. గోనె మళ్లీ కప్పి మిషను స్టార్టు చేశారు.

కోత మొదలయ్యాక నేను తప్పు వెతకడానికేమీ మిగల్లేదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, మిషనును పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని గంటకో పక్క చొప్పున కోశారు. కావిళ్లతో తెచ్చిన నీళ్లు చెంబుల కొద్దీ పోస్తూనే ఉన్నాం. మా వీధిలో ఆ నీళ్లతో నాలుగిళ్ల వాళ్లు పండగ చేసుకుంటారు. తెల్లటి బురద పాలలాగా కారి రాతినంతా కప్పేసింది. ఆఖరున పక్కనుంచి సన్న ఉలులు అడుగున దూర్చి, ఒక్కో దెబ్బా చెవితో వింటూ కొట్టారు. ఏ దెబ్బకో శబ్దం మారింది. “వచ్చేసిందండి” అన్నారు. నాలుగు పక్కలూ సమానంగా, సబ్బుబిళ్లలాగా నున్నగా, ఎక్కడా పగలకుండా బండ లేచివచ్చింది.

మధ్యాహ్నం ఆయన భార్య కట్టిచ్చిన పులిహోర తిన్నాం. నా వాటా ఆకులో పెట్టి నాకిచ్చి, ఆయన కాస్త దూరంగా లారీ నీడలో కూర్చుని తిన్నారు. మాటల్లో అండి మాత్రం ఒక్కసారీ తప్పలేదు. క్షమించమని అడగాలని నాకు నోటిదాకా వచ్చింది. అడగలేదు. అవతల మందు పెట్టే బొక్కలు తొలుస్తున్నారు, మేస్త్రి తొందరపెడుతున్నాడు. బండను బురదతోనే తడిగోనెల్లో చుట్టి, గడ్డి కూరి, పెట్టెలో పెట్టి మేకులు కొట్టేశాం.

నిడదవోలు స్టేషన్లో

నిడదవోలులో రైలుకు మూడు గంటలు ఆగాను. గ్రైండరు గుప్తగారికి అందజేస్తానని వీర్రాజు గారు తీసుకుని, నా పెట్టెను పోర్టరుతో కలిసి తానే ఎక్కించి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. పెట్టె కింద ఏదో పరకలాగా నలిగిన చప్పుడైంది. పూతరేకుల పొట్లం. చేతిసంచీని ముందే సీటు కింద పెట్టి, దాని మీదికే నలభై కిలోల రాతిని తోయించాను. ఇంటికి చేరాక మా పిల్లలు ఆ పొడిని చెంచాలతో తిన్నారు, పూతరేకులంటే అలాగే ఉంటాయని ఇప్పటికీ అనుకుంటున్నారు.

ల్యాబు బల్ల మీద

బండను బల్ల మీద పెట్టి, సారు చూస్తుండగా బురద కడిగాను. ఒక్కొక్కటిగా గుల్లలు కనబడుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. తర్వాత అడిగారు.

“బాణమేదీ?”

లేదు. సుద్దగీత. రోజంతా దాని మీద నేనే దగ్గరుండి నీళ్లు పోయించాను. నోటుబుక్కులో ఉత్తరానికి బాణం అని రాసుంది, బాణమే లేదు. సుత్తితో కొట్టి తెచ్చినా ఏదో ఒక వంకర ఉండేది, దాని అంచుల బొమ్మ గీసుకుని ఉంటే పోల్చుకునేవాళ్లం. మిషను అందంగా కోసిన చదరానికి నాలుగు పక్కలూ ఒక్కలాగే ఉన్నాయి. ఆ గోడ కూడా ఈపాటికి కంకరైపోయి ఉంటుంది.

సారు తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “దిక్కులేనిదైపోయింది కదయ్యా” అని లేచి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి ఒక్కణ్నే కూర్చుని తోముతూ ఉన్నాను, ఎందుకో తెలియకుండానే. నాలుగో రోజు ఒక అంచు దగ్గర ఎండిన బురద ఊడి, కింద సన్నటి గీతలు కనబడ్డాయి. కుంచెతో తుడిస్తే ‘ది’.

ఒక్కసారిగా అన్నీ కలిశాయి. ఒడ్డున వరసగా పెట్టిన లాకుల రాళ్లు, వాటి మీది అక్షరాలు, మామిడికాయలావిడ నవ్వు. ఎగువ, దిగువ. ఎదురంచు చేత్తో తడిమితే, ఆ ‘ఎ’ ఉన్నచోట గరుకుగా తగిలింది. సారును పిలుచుకొచ్చాను. జరిగింది దాచకుండా చెప్పాను, నేనన్న మాటలతో సహా.

“ఊహ మీద రాయకూడదు. ఆయన్నే అడుగు. ముందు క్షమాపణ రాయి, తర్వాత అడుగు” అన్నారు సారు.

ఉత్తరం వేశాను. పది రోజులకు కార్డు వచ్చింది. ఎవరిచేతో రాయించినట్టున్నారు, మాట మాత్రం ఆయనదే.

‘మాస్టారికి వీర్రాజు నమస్కారాలు. లాకుల్లో రాయి పీకితే మళ్లీ అదే తీరులో కూర్చోవాలండి. అందుకని కదిపేముందు ఎగువ పక్క ఎ, దిగువ పక్క ది గీసుకుంటాం. గోదారి ఎటుపోతుందో అటే దిగువ, దానికి దిక్సూచి అక్కర్లేదు. ముందు ది గీసి, తర్వాత ఎ గీస్తుంటే మీరొచ్చారు. మీరు చూసింది చెరిపేశాను. గోనె కింద ఉన్నది మీరు చూడలేదు, నేను చెప్పలేదు. రాయి తన తీరు మర్చిపోకూడదు కదండీ. తప్పయితే మన్నించండి. కాలవలకి నీళ్లు వదిలేశారు. మా ఆవిడ పూతరేకులు పిల్లలు తిన్నారా అని అడుగుతోంది.’

మన్నించమని ఆయన నన్ను అడిగారు. ఆ వాక్యం దగ్గర ఆగి కార్డు సారు చేతికిచ్చాను, మిగతాది ఆయనే చదివారు.

తర్వాత ఇద్దరం గుల్లలు లెక్కపెట్టాం. వాటిలో ఎక్కువ మొనలు ‘ది’ వైపే చూస్తున్నాయి. అంటే ఒకప్పుడు అక్కడికి నీళ్లు ఇప్పటి దిగువ నుంచి, సముద్రం వైపు నుంచి, గోదావరికి ఎదురుగా వచ్చాయి. ఒక్క బండతో ఏదీ తేలిపోదని సారే అన్నారు, అంటూనే స్టూలు మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

బండ ఇప్పుడు మా ల్యాబులో అద్దాల బీరువాలో ఉంది. మీరు వస్తే చూపిస్తాను. ‘ది’ అక్షరానికి తెల్లరంగు వేశాం, దూరం నుంచి కూడా కనబడుతుంది. ‘ఎ’ ఉన్నచోటికి మాత్రం ఏ రంగూ వేయలేదు. బీరువా తుడిచేటప్పుడల్లా నా వేళ్లు అటు పోతాయి. అక్కడ ఇంకా గరుకుగానే ఉంది.